తప్పు జరిగాక ఎలా కోలుకోవాలి: పెరటి తోట నేర్పే క్రమం

కుండీలో మొక్క వాడిపోయి కనబడగానే చాలామంది చేసే పని ఒకటే, చెంబెడు నీళ్లు పోయడం. మట్టి ఎండి వాడితే సాయంత్రానికల్లా మొక్క లేచి నిలబడుతుంది. నీళ్లు ఎక్కువై వేరు కుళ్లి వాడితే మాత్రం ఆ చెంబెడు నీళ్లే దాన్ని చంపుతాయి. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఆకు వేలాడిపోతుంది, కాడ మెత్తబడుతుంది. తేడా అంతా మట్టి కింద ఉంటుంది.

ఆత్మీయ జీవితంలో పడిపోయినప్పుడూ ఇదే జరుగుతుంది. తప్పు వల్ల కలిగే నష్టం కొంత. ఆ తర్వాత కంగారుపడి చేసే పనుల వల్ల కలిగే నష్టం చాలాసార్లు అంతకంటే ఎక్కువ. ఒకరు వెంటనే కఠిన ఉపవాసం మొదలుపెడతారు. ఇంకొకరు సిగ్గుతో చర్చికి రావడమే మానేస్తారు. మరొకరు వచ్చే ఆదివారమే లేచి కన్నీళ్లతో సాక్ష్యం చెప్పేస్తారు. ముగ్గురూ తప్పు గురించి బాధపడుతున్నవారే. అయినా ఏ ఒక్కరూ వేరు దాకా చూడలేదు.

బాప్తిస్మం తీసుకుని, ఏళ్ల తరబడి సంఘంలో ఉండి, ఇప్పుడు ఒక తప్పు దగ్గర ఆగిపోయినవారి కోసం ఇది రాస్తున్నాను. మానేసిన తాగుడు మళ్లీ మొదలవడం కావచ్చు, ఇంట్లో తెలియకుండా చేసిన అప్పు కావచ్చు, రాత్రిపూట ఫోన్‌లో చూసేవి కావచ్చు, పిల్లల మీద పదే పదే వచ్చే కోపం కావచ్చు. కోలుకోవడానికి చేయాల్సిన పనులకు ఒక వరస ఉంది. వీలైతే ఆ వరసలోనే చేయండి. పెరట్లోనో బాల్కనీలోనో నాలుగు కుండీలు ఉంటే ఇంకా మంచిది, చేతికి మట్టి అంటుకుంటే కొన్ని సంగతులు తొందరగా అర్థమవుతాయి.

1. చెంబు పక్కన పెట్టి మట్టి ముట్టుకోండి

వాడిన మొక్క మొదట్లో చూపుడు వేలు రెండు కణుపుల లోతు దించండి. పొడిగా తగిలితే నీళ్లు పోయండి. తడిగా ఉంటే నీళ్లు ఆపేసి, కుండీని నీడలో పెట్టి, అడుగున రంధ్రం పూడుకుపోయిందేమో చూడండి. కుళ్లు వాసన వస్తుంటే మొక్కను బయటకు తీసి, నల్లబడి మెత్తబడిన వేళ్లు కత్తిరించి, కొత్త మట్టిలో పెట్టాలి.

మీ విషయంలోనూ మొదటి ఒకటి రెండు రోజులు పెద్ద నిర్ణయాలేవీ తీసుకోకండి. క్వయర్‌కు రాజీనామా వద్దు. సంఘం వాట్సాప్ గ్రూపులో పొడవాటి మెసేజ్ వద్దు. "ఇక జీవితంలో ఎప్పుడూ చేయను" అని ఒట్టు పెట్టుకోకండి. దేవుని సన్నిధిలో తొందరపడి మాట ఇవ్వవద్దని ప్రసంగి 5వ అధ్యాయం హెచ్చరించేది ఇలాంటి సమయాల గురించే. భోజనం చేయండి, నిద్రపోండి. ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని చావును కోరుకున్నప్పుడు దేవుడు దూత చేత ముందు రొట్టె, నీళ్లు పంపాడు. రెండుసార్లు తినిపించాడు, మధ్యలో నిద్రపోనిచ్చాడు. "ఇక్కడేం చేస్తున్నావు" అనే ప్రశ్న హోరేబు కొండకు చేరాక వచ్చింది. ఒంట్లో శక్తి లేనప్పుడు చేసుకునే ఆత్మపరిశీలన ఆత్మనిందగా మారిపోతుంది.

తర్వాత ఒక నోట్‌బుక్ తీసుకోండి. తప్పు ఎప్పుడు జరిగింది, ఎక్కడ ఉన్నారు, పక్కన ఎవరున్నారు, అంతకు ముందు రోజు ఏం జరిగింది, ఒంట్లో ఎలా ఉంది అనేవి రాయండి. ఈ పేజీలో "నేను పాపిని" లాంటి మాటలు రాయకండి. జరిగింది మాత్రమే రాయండి. మూడో పనికి ఈ పేజీ కావాలి.

2. పేరు పెట్టి ఒప్పుకోండి

కలుపు అంతా ఒకటి కాదని తోట పని చేసేవారికి తెలుసు. గరిక నేల మీద పాకి కణుపు కణుపుకీ వేరు వేస్తుంది, ఆ తీగను ఆ చివరి దాకా లాగాలి. వయ్యారిభామ వేల విత్తనాలు రాల్చి పెరుగుతుంది కాబట్టి పూతకు రాకముందే పీకాలి, అదీ చేతికి తొడుగు వేసుకుని, లేకపోతే దురదలు వస్తాయి. తుంగ గడ్డల నుంచి వస్తుంది, దానికి తవ్వకం కావాలి. ఏది ఏదో తెలుసుకోకుండా మొదలుపెడితే శ్రమ వృథా.

మన ప్రార్థనల్లో "తెలిసీ తెలియక చేసిన తప్పులన్నీ క్షమించు ప్రభువా" అనే మాట ఎక్కువ. కుటుంబ ప్రార్థనలో అది సరిపోవచ్చు. ఇప్పుడు మాత్రం సరిపోదు. "నేను నా భార్యకు అబద్ధం చెప్పి రెండు లక్షలు అప్పు చేశాను" అని పూర్తి వాక్యం చెప్పండి. గదిలో ఒంటరిగా, నోటితో, మీ చెవికి వినపడేలా చెప్పండి.

రాజులిద్దరి మాటలు పక్కపక్కన పెట్టి చూడండి. సౌలు కూడా "పాపము చేసితిని" అన్నాడు. అదే నోటితో, పెద్దల యెదుట నన్ను ఘనపరచు అని సమూయేలును అడిగాడు (1 సమూయేలు 15:30). అంతకు ముందు ప్రజల మీద నెట్టాడు కూడా. నాతాను ప్రవక్త వచ్చి నిలదీసినప్పుడు దావీదు ఒక్క వాక్యంతో ఒప్పుకుని ఆగిపోయాడు, ఎవరి మీదా నెట్టలేదు, పరువు కాపాడమని అడగలేదు. మీ ఒప్పుకోలులో "కానీ", "ఆయన అలా అనకపోయి ఉంటే" లాంటివి వస్తున్నాయేమో గమనించండి. వస్తే మళ్లీ మొదటి నుంచి చెప్పండి. 1 యోహాను 1:9 ఒప్పుకున్నవారికి క్షమాపణతో పాటు శుద్ధీకరణ కూడా వాగ్దానం చేస్తుంది. ఆ మాట దగ్గర కాసేపు ఆగండి. దాన్ని నమ్మకుండా ముందుకు వెళ్తే మిగతా పనులన్నీ శిక్ష తీర్చుకోవడంలా తయారవుతాయి.

3. గడ్డ దాకా తవ్వండి, చీమల దారి పట్టుకోండి

ఎక్కువ సమయం పట్టేది, ఎక్కువమంది దాటవేసేది ఈ పనే.

తుంగను పైన పట్టుకుని లాగితే ఆకు చేతికి వస్తుంది, గడ్డ నేలలోనే ఉండిపోతుంది. కొన్ని రోజులకే మళ్లీ పచ్చగా లేస్తుంది. పైగా ఆ గడ్డలన్నీ సన్నని దారాల్లాంటి కాడలతో ఒకదానికొకటి గొలుసుగా ఉంటాయి. గొలుసు తెగితే అప్పటి దాకా నిద్రపోతున్న గడ్డలు కూడా మొలకెత్తుతాయి. అందుకే సగం సగం పీకిన చోట తుంగ మరింత దట్టంగా వస్తుంది. గునపంతో లోతుగా తవ్వి, మట్టిని వేళ్లతో చిదిమి, దొరికిన ప్రతి గడ్డనీ ఏరి ఎండలో పడేయాలి. ఏప్రిల్, మే ఎండల్లో చేస్తే సగం పని ఎండే చేస్తుంది. ఒక్కసారితో అయిపోదు. ప్రతి వాన తర్వాతా వెళ్లి చూడాలి.

ఇప్పుడు నోట్‌బుక్ తీసి ఆ పేజీ చదవండి. కనబడే తప్పు ఆకు. దాని కింద ఏముందో వెతకండి. అప్పు ఆకు అయితే, బంధువుల పెళ్లిలో మనం తక్కువగా కనబడకూడదనే తపన గడ్డ కావచ్చు. ఫోన్ ఆకు అయితే, భార్యాభర్తల మధ్య నెలల తరబడి మాట్లాడుకోకుండా మిగిలిపోయిన గొడవ గడ్డ కావచ్చు. పిల్లల మీద కోపం వెనుక ఆఫీసులో దిగమింగిన అవమానం ఉండొచ్చు. "ఎందుకు" అని మిమ్మల్ని మీరే అడగండి. జవాబు వస్తే, ఆ జవాబుకు కూడా "ఎందుకు" అని అడగండి. ఎవరికీ చెప్పబుద్ధి కాని జవాబు ఒకటి వస్తుంది. సాధారణంగా గడ్డ అక్కడే ఉంటుంది. 139వ కీర్తన చివరి రెండు వచనాలను ప్రార్థనగా చేసుకుని ఈ పని చేయండి, ఎందుకంటే మన హృదయాన్ని మనమే పూర్తిగా తవ్వుకోలేం.

ఇక చీమల సంగతి. మందారం మీద తెల్లగా దూదిలా పిండినల్లి పడితే నీళ్లు గట్టిగా కొట్టి కడుగుతాం. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట చల్లుతాం. వారం రోజులు బాగుంటుంది, తర్వాత మళ్లీ పడుతుంది. అప్పుడు కాండం మీద చూడండి, చీమలు బారులు తీరి ఉంటాయి. పిండినల్లి వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, దాన్ని తినే పురుగులను తరిమేస్తాయి, లేత కొమ్మల మీదికి మోసుకెళ్తాయి. చీమల దారి మూయకుండా ఎంత వేపనూనె కొట్టినా ఫలితం ఉండదు.

మీ తప్పును మీ దాకా మోసుకొచ్చేది ఏమిటి? జీతం పడిన రోజు సాయంత్రం ఇంటికి వచ్చే దారిలో వైన్ షాపు ఉంటే దారి మార్చండి. ఆ రోజు జీతం అకౌంటులో పడగానే ఖర్చులకు ఉంచుకుని మిగతాది భార్య అకౌంటుకు పంపండి. రాత్రి ఫోన్ హాల్లో చార్జింగ్ పెట్టండి, అలారానికి చిన్న గడియారం కొనుక్కోండి. అప్పు ఇస్తామని మెసేజ్‌లు పంపే యాప్‌లను తీసేయండి. సాయంత్రం ఫోన్ చేసి పిలిచే స్నేహితుడికి, నేను రాను, మధ్యాహ్నం టీకి కలుద్దాం అని ముందే చెప్పండి. ఇవి చాలా చిన్న పనుల్లా కనబడతాయి. ప్రార్థనతో తీరాల్సిన సమస్యకు ఇవెందుకు అని కొందరంటారు. తనను పాపానికి పిలిచిన పోతీఫరు భార్య చేతికి వస్త్రం వదిలేసి యోసేపు బయటికి పారిపోయాడు. అక్కడే నిలబడి ప్రార్థించాడని బైబిలు చెప్పలేదు.

4. నష్టపోయినవారి దగ్గరికి వెళ్లండి

మీ మేక తాడు తెంపుకుని పక్కవాళ్ల చిక్కుడు పాదు మేసేసిందనుకోండి. మేకను కట్టేస్తే సరిపోదు. నిర్గమకాండం 22:5 సరిగ్గా ఈ సంగతే చెబుతుంది. ఒకడి పశువు ఇంకొకడి చేను మేస్తే, వాడు తన పొలంలో, తన ద్రాక్షతోటలో మంచిదాన్ని తెచ్చి ఇవ్వాలి. లేవీయకాండం 6వ అధ్యాయం తీసుకున్న సొమ్ముకు అయిదో వంతు కలిపి తిరిగి ఇమ్మంటుంది. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. బలిపీఠం దగ్గర నిలబడ్డా సరే, నీ సహోదరుడికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పాడు.

వెళ్లేటప్పుడు సంజాయిషీలు తీసుకెళ్లకండి. "నేను మీ దగ్గర చేబదులు తీసుకుని ఇవ్వలేదు, ఫోన్ ఎత్తలేదు, అది తప్పు. నెలకు ఇంత చొప్పున ఇస్తాను, మొదటిది ఇదిగో" అని చెబితే చాలు. వాయిదాలు కాగితం మీద రాసి ఇవ్వండి. "మీరు విశ్వాసులు కదా, క్షమించాలి" అని మాత్రం ఎప్పుడూ అనకండి. క్షమించడం వారికీ దేవునికీ మధ్య ఉన్న విషయం, దానికి వారి సమయం వారికి ఇవ్వండి. ఎవరినైనా కొట్టడం, పిల్లలకు హాని చేయడం లాంటివి జరిగి ఉంటే, అది సంఘ పెద్దలు కూర్చుని ప్రార్థనతో సర్దేసే విషయం కాదు. బాధితులకు రక్షణ ముందు. చట్టం ముందు నిలబడటం కూడా పశ్చాత్తాపంలో భాగమే.

5. కత్తిరించనివ్వండి

మల్లె చెట్టును నవంబరు చివర్లో నేల నుంచి అడుగున్నర ఎత్తు ఉంచి కొట్టేస్తారు. ఆ పనికి ముందు నీళ్లు కూడా ఆపుతారు. డిసెంబరులో చూసినవారికి చెట్టు చచ్చిపోయిందనిపిస్తుంది. ఫిబ్రవరి, మార్చికల్లా కొత్త కొమ్మల చివర మొగ్గలు వస్తాయి. కొట్టని చెట్టు గుబురుగా పెరుగుతుంది, పూలు మాత్రం తక్కువ.

మీరు సండే స్కూలు చెబుతుంటే, సంఘం డబ్బులు చూస్తుంటే, వేదిక మీద పాడుతుంటే, పాస్టరు గారితో మాట్లాడి కొంతకాలం పక్కకు తప్పుకోండి. తప్పు డబ్బు విషయంలో జరిగితే లెక్కల పుస్తకం అప్పగించడం తప్పనిసరి. ఇది అవమానంగా అనిపిస్తుంది, నిజమే. యోహాను 15:2 మాత్రం ఫలించే తీగనే తండ్రి శుభ్రం చేస్తాడని చెబుతుంది. లేవీయకాండం 19లో ఇంకో నియమం ఉంది. కొత్తగా నాటిన చెట్టు పండ్లు మూడేళ్లు తినకూడదు, నాలుగో ఏట అవి యెహోవాకు ప్రతిష్ఠితం, అయిదో ఏట తినవచ్చు. అన్నేళ్లు ఆగమని నేను అనడం లేదు. ఎంత కాలమో మీ పెద్దలు చూసి చెప్పాలి, మీరే నిర్ణయించుకోకండి.

6. ఎరువు తక్కువ వేయండి

కొత్తగా నాటిన నారుకు వెంటనే యూరియా వేస్తే ఆకుల అంచులు మాడిపోతాయి. దానికి మొదట కావాల్సింది నీడ, కొద్దికొద్దిగా తడి. పడినవారు పెట్టుకునే నియమాలు చాలావరకు యూరియా మోతాదులోనే ఉంటాయి. తెల్లవారుజామున మూడింటికి లేవడం, రోజుకు పది అధ్యాయాలు, నలభై రోజుల ఉపవాసం. వారంలో అవి తప్పిపోతాయి, పాత నిందకు కొత్త నింద చేరుతుంది. ఉపవాసం మంచిదే, దాన్ని పాపానికి ధరగా చెల్లించాలనుకోవడమే పొరపాటు. ఆ ధర సిలువ మీద చెల్లించేశారు.

తోటకూర వేయండి. సుమారు నెల రోజుల్లో కోతకు వస్తుంది. ఆత్మీయంగా కూడా అలాంటి పని ఒకటి పెట్టుకోండి. పొద్దున ఒక కీర్తన, 32, 51, 130 తిప్పి తిప్పి చదవండి. వారానికి ఒక కాటేజ్ ప్రార్థనకు (ఇళ్లలో జరిగే ప్రార్థన కూడికకు) వెళ్లి వెనుక కూర్చోండి. ఆదివారం ఆరాధన మానకండి, ఎంత సిగ్గుగా ఉన్నా సరే. ఇది నెల రోజులు నిలబడ్డాక ఇంకొకటి కలపండి.

7. పచ్చి పేడను వేళ్ల దగ్గర వేయకండి

పేడ బలమే, కానీ పచ్చిది నేరుగా వేస్తే చివికేటప్పుడు పుట్టే వేడికి వేర్లు దెబ్బతింటాయి, వేరు పురుగు వస్తుంది, కలుపు గింజలు మొలుస్తాయి. నీడలో కుప్ప వేసి, తడి ఆరకుండా చూసి, కొన్ని నెలలు వదిలేస్తే నల్లగా, పొడిపొడిగా, మట్టి వాసనతో మారుతుంది. అప్పుడు అదే పేడ అన్నిటికీ మేలు చేస్తుంది.

మీ తప్పు ఒకరోజు ఇంకొకరికి ఉపయోగపడుతుంది. దేవుడు దాన్ని కూడా వృథా పోనివ్వడు. పేతురు పడకముందే ప్రభువు అతనితో, నీ మనసు తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచు అన్నాడు. "తిరిగిన తరువాత" అన్న మాటను మన సంఘాల్లో చాలాసార్లు మింగేస్తున్నాం. ఎవరైనా ఏడుస్తూ ముందుకు రాగానే మైకు చేతికి ఇస్తున్నాం. గాయం ఇంకా తడిగా ఉండగానే అందరి ముందు వివరాలు చెబితే చెప్పినవారికీ నష్టం, వారి భార్యాపిల్లలకూ నష్టం. విన్నవారిలో కొందరికి అది కబుర్లకు సరుకు అవుతుంది. సాక్ష్యం చెప్పేందుకు సమయం వచ్చిందో లేదో ఇలా చూసుకోండి. జరిగినదాన్ని మీ గొప్ప కోసం, జాలి కోసం కాకుండా చెప్పగలుగుతున్నారా? నష్టపోయినవారు ముందు వరసలో కూర్చుని విన్నా ఒక్క మాట మార్చకుండా చెప్పగలరా? రెండిటికీ అవునని జవాబు వచ్చే దాకా అది కుప్పలోనే ఉండాలి.

8. మళ్లీ పడితే

మళ్లీ పడొచ్చు. నీతిమంతుడు ఏడుమారులు పడినా తిరిగి లేస్తాడని సామెతలు 24:16 చెబుతోంది. అప్పుడు మొదటి పని దగ్గరికి రండి, ఇన్నాళ్లు చేసింది పోయిందనుకోకండి. గాలివానకు మొదలంటా విరిగిన మునగ మోడు తడి తగలగానే చిగురిస్తుంది. నరికిన చెట్టుకు తిరిగి చిగురిస్తుందనే ఆశ ఉందని యోబు అన్నాడు, తనకు అలాంటి ఆశ లేదనిపించిన రోజున అన్నాడు. లూకా 13లో మూడేళ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికేయమని యజమాని అంటే, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను, ఈ సంవత్సరం కూడా ఉండనివ్వండి అని బతిమాలేది తోటమాలి. చెట్టు ఏమీ మాట్లాడదు, దాని తరఫున మాట్లాడేవాడు ఒకడున్నాడు. పునరుత్థాన ఉదయాన మగ్దలేనే మరియ యేసును చూసి తోటమాలి అనుకుంది. ఆమె పూర్తిగా పొరబడలేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మీకు ఒక బర్నబా కావాలి. పౌలు, బర్నబాలతో సువార్త ప్రయాణానికి వచ్చిన మార్కు అనే యోహాను పెర్గే దగ్గర పని వదిలి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు. తర్వాతి ప్రయాణానికి అతన్ని తీసుకెళ్లడానికి పౌలు ఒప్పుకోలేదు. బర్నబా అతన్ని వెంటపెట్టుకుని కుప్రకు ఓడ ఎక్కాడు. చాలా ఏళ్ల తర్వాత చెరసాల నుంచి పౌలే తిమోతికి, మార్కును తీసుకురా, పరిచర్యకు నాకు ఉపయోగపడతాడు అని రాశాడు. ఆ మధ్య ఏళ్లలో బర్నబా అతనితో ఏం మాట్లాడాడో మనకు రాసి లేదు, వదిలేయలేదని మాత్రం తెలుసు.

సంఘంలో మీకంటే పెద్దవారు, నోరు కట్టుకోగలవారు, మీ మాటకు ఆశ్చర్యపోనివారు ఒకరిని వెతకండి. మగవారైతే మగవారిని, ఆడవారైతే పాస్టరమ్మ గారినో ఇంకో పెద్దామెనో. ఈ వారంలోనే ఫోన్ చేయండి. విషయమంతా ఫోన్‌లో చెప్పక్కర్లేదు. "అన్నా, నేను ఒక విషయంలో పడిపోయాను. మీతో కూర్చుని మాట్లాడాలి. ఎప్పుడు రమ్మంటారు?" అని అడగండి. వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి. నెలకు రెండుసార్లు, "ఆ విషయం ఎలా ఉంది?" అని తమంతట తామే మిమ్మల్ని అడగమని చెప్పి రండి.